కప్పు లేని ఏడు ఊడిన పాలపన్ను

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఒక మంచి కబురు చెప్పాలి. ఇప్పుడే చదువు ముగించిన మన మనవరాలు స్రవంతికి పరిశోధన కోసం మూడేళ్ల నిధులు వచ్చాయి. ఒక పెద్ద డాక్టరమ్మ పక్కనుండి నేర్పుతుంది. సాయుధ పోరాటం రోజుల్లో ఊళ్లు కాలినప్పుడు పొగ మింగిన పిల్లల ఊపిరితిత్తులు ఇన్నేళ్లకు ఎలా ఉన్నాయో చూడటమే పని.

అప్పటి వయసు తెలియకపోతే ఆ పని నిలబడదని డాక్టరమ్మ ముందే చెప్పింది. గూడూరు దగ్గర మన ఊళ్లో ముసలమ్మలేమో "గప్పుడు శిన్నపొల్లలం బిడ్డా" అని తేల్చేశారు. స్రవంతి ముఖం వాడిపోయింది. బడిలో పాఠాలు చెప్పినదాన్ని, నేను ఊరుకుంటానా?

"లచ్చవ్వా, ఊరు కాలినప్పుడు నీ పాలపండ్లు ఊడినయా లేదా? సక్కగ చెప్పు," అని ఒకామెను అడిగాను.

"ముందటిది గప్పుడే ఊడింది పంతులమ్మా. ఇంటి మీదికి ఇసురుదామంటే కప్పేది? కాలిపాయె! పిడికిట్ల పట్టుకొని తిరిగిన," అని బోసినోటితో నవ్వింది.

ఆరేళ్లు అని రాయించాను. సాయంత్రానికి అందరి వయసులూ తేలాయి.

ఆ పొగ మనమూ మింగినవాళ్లమే కదా, ఆఖరున నా కాగితమూ నింపాను. అందులో చివరి ప్రశ్న, మీ ఇంట్లో ఇంకెవరికైనా దగ్గు ఉండేదా అని. పని తప్పించుకునే దగ్గని నిన్ను ఎన్నేళ్లు సాధించానో. ఉండేది అని రాసి, నీ పేరు నా చేత్తోనే పెట్టాను.

నీ చెల్లెలు