గుండె చుట్టూ చేరిన నీళ్లు

పెనుకొండ

హేమలతా, భీముడు బతికే ఉన్నాడు, ఏడవకుండా చదువు. నీ కుక్క రొప్పుతూ లేవలేకపోతే హిందూపురంలో పశువుల డాక్టరుకు చూపించాను. గుండె చుట్టూ నీళ్లు చేరాయంటూ పక్కటెముకల సందున సూది గుచ్చి లాగాడు. వచ్చింది చూస్తే ఎర్రగా నెత్తురే.

“ఏమప్పా, నీళ్లని చెప్పి నెత్తురు తీస్తాండావే?”

“గ్లాసులో పోసిస్తా, నువ్వే చూడవ్వా. నెత్తురైతే గడ్డకడతాది.”

పొట్టేలు నెత్తురు గిన్నెలో ఎంత తొందరగా గడ్డకడుతుందో వండేదాన్ని, నాకు తెలియదా? గ్లాసు ముందే కూర్చున్నాను. గడ్డకట్టలేదు. ఈలోగా భీముడు లేచి నీళ్లు తాగాడు. మళ్లీ చేరవని మాటిమ్మంటే డాక్టరు ఇవ్వలేనన్నాడు. ఉన్నమాట చెప్పేవాడేనని అప్పుడు కాస్త నమ్మాను.

నీళ్లు మళ్లీ చేరినా చేరొచ్చు, అందుకే ఆదివారం వచ్చి వాణ్ణి చూసిపో. నా బూడిదరంగు శాలువ తీసుకురా, అది నీ దగ్గరే ఉందని నాకు తెలుసు. నువ్వూ భీముడూ చల్లగా ఉండాలి.

అవ్వ