అనసూర్య అడిగిన నాలుగో ప్రశ్న

గోదావరిఖని,
జూన్, 1994

అనసూర్యకు,

రాజం ప్రేమతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అవ్వ, నేను, మన బిడ్డ సారలమ్మ, ముగ్గురం క్షేమం. ఈసారి ఈ మాట నిజంగా నిజం. ఎందుకిలా అంటున్నానో కింద చెబుతాను. హాస్టల్లో వేళకు తింటున్నావనుకుంటాను.

ఎంబీఏ ప్రవేశ పరీక్ష బాగా రాశానన్న నీ ఉత్తరం నిన్న అందింది. గనిలో మొదటి షిఫ్టు దిగి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా గడపలోనే నిలబడి చదివాను. కోడలు ఏం రాసిందో మళ్ళీ చదవమని అవ్వ అంటే మళ్ళీ చదివాను. ఇంటర్వ్యూ తర్ఫీదు కోసం ఇంకో రెండు వారాలు హైదరాబాదులోనే ఉంటానన్నావు. ఉండు. ఇక్కడి పనులేవీ ఆగడం లేదు.

పరీక్షలో వచ్చిన ప్రశ్న ఒకటి రాసి నన్ను జవాబు చెప్పమన్నావు కదా. ఒక కార్ఖానాలో కొత్త యంత్రం పెట్టాక ప్రమాదాలు సగానికి తగ్గాయి, కాబట్టి యంత్రం వల్లే తగ్గాయని యజమాని వాదన. కింద ఇచ్చిన వాటిలో ఆ వాదనను బలహీనపరిచేది ఏది? దాన్ని క్యాంటీనులో మా ఫిట్టరు నజీర్ ముందు పెట్టాను.

“యంత్రం ధర ఎక్కువ. గదే జవాబు,” అన్నాడు నజీర్.

“ధర సంగతి ఎవడడిగిండు? దెబ్బలు ఎందుకు తగ్గినయో చూడు.”

నజీర్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. “అదే నెలల సగం మందిని పనిలకెల్లి తీసేసిన్రని మూడోదాంట్ల ఉన్నది గద భాయ్! మనుషులే లేకుంటె దెబ్బలు ఎవలకు తాకుతయ్?”

నేనూ మూడోదే అనుకున్నాను. తప్పయితే రాయి. “రాసి ఉన్నదే చదువు, లేనిది కలపకు” అని ప్రతి ఉత్తరంలో రాసేదానివి. మొదట్లో నాకు చిరాకేసేది. ఇప్పుడు పేపరు చదివినా, ఎవరైనా ఉపన్యాసం ఇచ్చినా, వీళ్ళు చెప్పకుండా అనుకున్నదేమిటా అని వెతుకుతున్నాను.

ఇక నాలుగో ప్రశ్న. పరీక్షకు ముందు నువ్వు పంపిన నాలుగు ప్రశ్నల్లో మూడు పుస్తకంలోవి, చివరిది నీ సొంతం. ‘ఒక తండ్రి ప్రతి ఉత్తరంలో కూతురి అల్లరి గురించి పేజీ నిండా రాసేవాడు. గత రెండు ఉత్తరాల్లో బిడ్డ బాగుందని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు. దీన్నిబట్టి ఏం తెలుస్తుంది?’ నేను మూడింటికి జవాబు రాసి, అది మరిచిపోయినట్టు నటించాను. నిన్నటి ఉత్తరంలో మళ్ళీ అడిగావు. పరీక్ష అయిపోయింది కాబట్టి చెబుతున్నాను. నీ అనుమానం నిజమే.

సారలమ్మకు టైఫాయిడ్ వచ్చింది. దవాఖానలో చేర్చాం. మొదటి రెండు రోజులు జ్వరం దిగలేదు. “అమ్మ ఏది బాపూ?” అని అడుగుతుంటే తట్టుకోలేక నీకు టెలిగ్రాం ఇద్దామని పోస్టాఫీసుకు పోయాను. నీ హాస్టలు చిరునామా రాశాక నీ పరీక్ష గుర్తొచ్చి ఆగిపోయాను. తిరిగొచ్చి డాక్టరమ్మను అడిగాను. మందు పనిచేస్తోంది, భయం లేదు అన్నది. ఆ మాట మీద ఆగాను. చేసింది సరైనదో కాదో నువ్వే చెప్పాలి. తిడితే పడతాను.

ఆ సాయంత్రం మన వాడకట్టు ఆగయ్య కాక వార్డుకు వచ్చాడు. అందరూ వింటుండగానే మొదలుపెట్టాడు.

“తల్లి పోయినంకనే పిల్లకు జరమొచ్చె. తల్లి లేకపోవుడే కారణం. జల్ది పిలిపియ్యిరా రాజం. పిల్లతల్లికి ఇప్పుడు పరీక్షలేంది?”

“కాకా, నీ మనుమనికి సుత గిదే జరం గద. అగో, పక్క మంచం మీదనే ఉన్నడు. వాని తల్లి ఎక్కడికి పోయింది?”

పక్క మంచం దగ్గర కాక కోడలు పిల్లవాడికి గంజి తాగిస్తోంది. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

“నీకు మాటలు ఎక్కువైనయ్ రా,” అన్నాడు కాక.

“నా పెండ్లం నేర్పింది కాకా,” అన్నాను. వార్డంతా వినపడేట్టే అన్నాను.

అప్పటిదాకా బిడ్డ కాళ్ళు ఒత్తుతూ కూర్చున్న అవ్వ లేచింది. నువ్వు బస్సెక్కిన రోజు ముఖం తిప్పుకుందని నువ్వు బాధపడ్డ మా అవ్వే.

“ఆగయ్యా, కూలికి, కైకిలికి పోయేటి తల్లులను ఎవ్వలడగరు. నా కోడలు పరీక్షకు పోతె అడుగుతున్రా? అది రాసి వచ్చేదాక నా మనుమరాలిని నేను సూసుకుంట. అంత ఫికరుంటె రెండు బత్తాయిలు తీస్కరా.”

కాక మరునాడు నిజంగానే బత్తాయిలు తెచ్చాడు. బిడ్డ పక్కన పెట్టిపోయాడు.

ఇప్పుడు సారలమ్మ ఇంటికొచ్చింది, బాగా తింటోంది. కొంచెం చిక్కింది, చూసి కంగారుపడకు. ఆదివారం నేనూ బిడ్డా ఇద్దరం రైలుకు వస్తున్నాం అని పైకి అంటూ రాయబోతుంటే అవ్వ కలం పట్టుకుంది. “ముగ్గురమని రాయి. నా కోడలు సదివేటి జాగ నేను సూడొద్దా? ఆ ఇంటర్వ్యూల అడిగేటోళ్ళు గట్టిగ అడిగితె, బయట వాళ్ళత్త కూసున్నదని చెప్పమను.”

ఇట్లు,
నీ సారలమ్మ బాపు,
రాజం