చంకపిల్ల

మార్చి 4

ముసలి మూక దిగింది, ఒకప్పుడు నాన్నతో కలిసి పారాచూట్‌లతో దూకిన జట్టు. ఇంక ఈ వారమంతా హ్యాంగర్‌లో కాలు పెట్టే చోటుండదు. నేను పారాచూట్లు మడిచే చాపల మీదే కూర్చుంటారు, అక్కడే కునుకు తీస్తారు, అక్కడే కోతలు కోస్తారు. అన్నీ రెక్క కింది కమ్మీ పట్టుకుని విమానం బయట వేలాడిన కోతలే. ఒకాయన చక్రం మీద నిలబడి సిగరెట్ కాల్చాడట. అంత గాలిలో అగ్గిపుల్ల ఎలా వెలిగిందని అడిగాను. నీకన్నీ కావాలే పిల్లా అని నవ్వారు.

వాళ్ళ పాత విమానాన్ని వచ్చే సోమవారం తుక్కుకి ఇచ్చేస్తున్నారు. ఆదివారం ఆఖరుసారి ఎక్కుతారట. నాన్న కూడా ఎక్కుతానన్నాడు.

అమ్మ పోయిన రోజు దూకడం మానేశాడు నాన్న. అప్పుడు నాకు మూడేళ్ళు. ఇప్పుడు విమానాలకి ఆయిల్ పోసే బండి తోలుతాడు. ఆకాశం వంక కూడా చూడని మనిషి. ఇప్పుడేం పుట్టింది ఈయనకి?

మార్చి 5, పొద్దున

మళ్ళీ నా చొక్కా పై గుండీ పెట్టబోయాడు. చెయ్యి విదిలించి కొట్టాను. ఇరవై రెండేళ్ళదాన్ని. ఇంత ఎండలో మెడ దాకా గుండీలేంటి? కారెక్కితే నా బెల్టు కూడా ఆయనే పెట్టాలి. పెట్టి రెండుసార్లు లాగి చూడాలి. ఫ్రెండ్స్ ముందు తల కొట్టేసినట్టుంటుంది. ఎన్నిసార్లు అరిచినా మర్నాడు పొద్దున మళ్ళీ అదే చెయ్యి, అదే గుండీ.

మార్చి 5, సాయంత్రం

గబ్బిలం బాబాయి అమ్మ కథ ఎత్తుకున్నాడు. ఈయన నాన్నకి సొంత తమ్ముడు కాదు, జట్టులో కడగొట్టువాడు. చక్రానికి కాళ్ళు మెలేసి తలకిందులుగా వేలాడేవాడని ఆ పేరు. అమ్మ కథ ముక్కలు ముక్కలుగా విన్నాను గానీ మొత్తం వినడం ఇదే మొదలు. ఇంట్లో ఎప్పుడు అడిగినా నాన్న లేచి వెళ్ళిపోయేవాడు.

వాళ్ళకో రూలు ఉండేదట. తలుపు దాటి కమ్మీ పట్టుకున్నవాళ్ళు మళ్ళీ లోపలికి రాకూడదు. వచ్చారా, ఏడాదంతా వాళ్ళ పేరు చంకపిల్ల. అసలు పేరు ఎవరూ పలకరు. అమ్మ ఒకసారి అలా వచ్చేసిందట. ఆ పొద్దున నాకు జ్వరమట, మనసు నిలవలేదట. ఇంకేముంది, ఏడాది పొడుగునా చంకపిల్లా టీ తీసుకో, చంకపిల్లా పక్కకి జరుగు. అమ్మ కూడా నవ్వేదట. నవ్వక ఏం చేస్తుంది?

ఆ చివరి రోజు అమ్మ కమ్మీ చివరన, నాన్న లోపల తలుపు పక్కన. అమ్మ నాన్న వంక చూసి గడ్డం గుండెకి ఆనించిందట. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. నువ్వు ఇక్కడున్నావు అని చెప్పడం అట అది. ఆ తర్వాత తలుపు వైపు జరగబోయిందట. మా అన్న ఊరుకుంటాడా, కాలు అడ్డం పెట్టి, మళ్ళీనా చంకపిల్లా అని అరిచాడమ్మా, మేం పొట్ట పట్టుకుని నవ్వాం అన్నాడు బాబాయి. కాసేపటికి అమ్మ చేతులు వదిలింది. పారాచూట్ తెరుచుకున్న కుదుపుకి ఛాతీ పట్టీ తెగిందట. ఖాళీ పట్టీలతో పారాచూట్ ఒక్కటే మెల్లగా దిగిందట.

పట్టీ తెగడం ఎవరి చేతుల్లో ఉంది, కానీ పోయే ముందు మొగుడితో ప్రేమ మాట చెప్పి పోయింది మీ అమ్మ, ఆ అదృష్టం ఎంతమందికి అని కళ్ళు తుడుచుకున్నాడు. అందరూ తుడుచుకున్నారు. నేను కూడా.

నాన్న మాత్రం చాప అంచున కూర్చుని పీచు పీకుతున్నాడు. తల ఎత్తలేదు.

మార్చి 6

పని. పని. ఎవరితోనూ మాట్లాడాలని లేదు.

మార్చి 7, మధ్యాహ్నం

ఆదివారం విమానంలో అమ్మ హార్నెస్, అదే పారాచూట్‌ని ఒంటికి కట్టే పట్టీల తొడుగు, కూడా పెట్టుకుని ఎగరాలని ముసలాళ్ళ కోరిక. నాన్న అటక మీద రేకు పెట్టె దించాడు. దుమ్ము దులిపి పెట్టమ్మా అని నా ముందు పడేసి బయటికి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

నాకు చదువు లేదు. టెన్త్‌తో బడి వదిలేశాను. పాత మాన్యువల్ బొమ్మలు చూసి, చీవాట్లు తిని ఈ పని నేర్చుకున్నాను. కానీ రోజూ పట్టీలు పట్టుకునే చేతులు నావి. తెగిన పట్టీ అంటే పీచు లేస్తుంది. కుట్టు విప్పుకుంటుంది. బకిల్ వంగుతుంది.

ఇది తెగలేదు. ఎక్కడా తెగలేదు. పట్టీ కొస మడిచి లావుగా కుట్టి ఉంటుంది, ఒకసారి బకిల్‌లో సరిగ్గా పడితే జారి రాకుండా. ఆ కుట్టు కొత్తదానిలా ఉంది. బకిల్ మీద గీత లేదు.

తెగిన పట్టీ కాదిది. పెట్టని పట్టీ.

అమ్మ తొందరలో పెట్టుకోవడం మర్చిపోయింది. బయటికి వెళ్ళాక, గాలికి పట్టీ మొహం మీద కొట్టుకున్నాక చూసుకుంది. రెండు చేతులూ కమ్మీ మీద ఉన్నాయి. ఒకటి తీసినా ఎగిరిపోతుంది. గడ్డంతో కాక ఇంక దేనితో చూపిస్తుంది? నా పట్టీ చూడు, నా పట్టీ చూడు, నన్ను లోపలికి రానివ్వు.

వీళ్ళు నవ్వారు. నాన్న కాలు అడ్డం పెట్టాడు.

ఆవిడ చేతులు వదల్లేదు. చేతులు ఓడిపోయాయి.

మార్చి 7, సాయంత్రం

గబ్బిలాన్ని హ్యాంగర్ వెనక్కి లాక్కెళ్ళి పట్టీ మొహాన పెట్టాను. ఇది తెగిందా చెప్పు అన్నాను. ప్రేమ మాటా మీ బొందా అన్నాను. ఇంకా చాలా అన్నాను, రాయను.

చాలాసేపు వేళ్ళతో కొస తడుముతూ నిలబడ్డాడు. తర్వాత ఆయిల్ డ్రమ్ము మీద కూలబడ్డాడు. ఆఖరికి నా రెండు చేతులూ పట్టుకుని, మీ నాన్నకి చెప్పకు తల్లీ, అన్న ఆ ఒక్క మాట పట్టుకునే బతుకుతున్నాడు, అదీ లాగేస్తే ఆయనకేం మిగుల్తుంది అని ఏడ్చాడు.

మరి మా అమ్మకి ఏం మిగిలింది అన్నాను. ఆవిడ అడిగింది ఇప్పటికీ ఒక్కడికీ వినపడలేదు కదా అన్నాను.

మార్చి 8

నాన్నకి చెప్పేస్తాను.

మార్చి 9

అన్నం తింటున్నాడు. పెరుగు నాకు వేసి గిన్నె అడుగున నీళ్ళు పోసుకుని తాగాడు. చెప్పలేకపోయాను. తిట్టాను మాత్రం, పళ్ళెం తీయలేదని.

మార్చి 10, ఆదివారం

అందరి పట్టీలూ నేనే పెట్టాను. నాన్నది పెట్టి రెండుసార్లు లాగాను. పారాచూట్ కూడా నేను మడిచిందే. విమానంలో నేను తలుపు పక్కనే నేల మీద కూర్చున్నాను, ఒళ్ళో అమ్మ హార్నెస్. నా వెనకాల గబ్బిలం బాబాయి.

పైలట్ వేగం తగ్గించాడు. నాన్న ఒక్కడే బయటికి వెళ్ళాడు. కమ్మీ చివరికంటా వెళ్ళాడు. అమ్మ నిలబడ్డ చోటికి. చొక్కా చేతులు టపటప కొట్టుకుంటున్నాయి. దూకుతాడనుకున్నాం.

దూకలేదు. నా వంక తిరిగాడు. గడ్డం గుండెకి ఆనించాడు.

మళ్ళీ. మళ్ళీ.

ఆయన పట్టీ గట్టిగా ఉంది, నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. అది ఆయన పట్టీ గురించి కాదు, అమ్మ పట్టీ గురించి.

నా కాలు తలుపుకి అడ్డంగా చాచి ఉందని అప్పుడు చూసుకున్నాను. ముడుచుకున్నాను. చెయ్యి బయటికి చాచాను. లోపలికి రా నాన్నా అని అరిచాను. గాలికి వినపడి ఉండదు. వచ్చాడు. ఒక్కో జానా జరుగుతూ వచ్చాడు. మణికట్టు దొరకబుచ్చుకుని లోపలికి లాగాను. ఇద్దరం నేల మీద పడ్డాం.

చంకపిల్ల అని ఎవరూ అనలేదు.

దిగేదాకా నాన్న నా చెయ్యి వదల్లేదు. చక్రాలు నేలకి తగిలాక, ఎప్పట్నుంచి తెలుసు నీకు అని అడిగాడు. గురువారం నుంచి, మరి నీకు అన్నాను.

నాన్న నా ఒళ్ళో ఉన్న అమ్మ పట్టీ వంక చూశాడు. తర్వాత నా చొక్కా పై గుండీ పెట్టాడు.

మార్చి 11

విమానాన్ని లారీ ఎక్కించారు.

పొద్దున నాన్న గుండీ పెడుతుంటే మెడ ఎత్తి నిలబడ్డాను. రెండుసార్లు లాగి చూశాడు.