ఆఖరి ప్రశ్నకు జవాబు

హన్మకొండ,
ఆదివారం.

నా బిడ్డ దీపకు అమ్మ దీవెనలు.

ఇక్కడ మేము బాగనే ఉన్నం. హైదరాబాద్‌ల నువ్వు వేళకింత తింటున్నవనుకుంటున్న. దీప అని రాసుడు ఇదే మొదలు. ఇరవై రెండేండ్లు వేరే పేరుతోని పిలిచిన కదా, చెయ్యి జర ఆగింది. అయినా రాసిన.

నీ ఉత్తరం, అందుల డాక్టరమ్మ నింపుకొని రమ్మన్న ప్రశ్నలు చేరినయి. జెండర్ థెరపిస్ట్ అని రాసినవు, ఆ మాట కూడబలుక్కొని చదివిన. ఆడనా మగనా అన్న ముచ్చట వినే డాక్టరమ్మ అన్నట్టు. ఫోన్ల అడగక కాయిదం మీద అడిగి మంచిపని చేసినవు. బాపు ఎట్లున్నడని అడిగినవు. డోర్నకల్‌కు డ్యూటీకి పోతాండు, వస్తాండు. నీ ముచ్చట తీస్తె కంచం ముందట నుంచి లేస్తాండు. మారిండని అబద్ధం చెప్ప.

డాక్టరమ్మ దగ్గరికి పోయే రోజు ఏం తొడుక్కోవాలని అడిగినవు. ఆమెను నమ్మియ్యడానికని చీర కట్టుకోకు, భయపడి ప్యాంటూ వేసుకోకు. నీ వొంటికి ఏది నిమ్మళమో అది తొడుక్కో. నాలుగు రోజులసంది జవాబులు బట్టీ పడుతున్నవట. ఎందుకు బిడ్డా? ఉన్నది ఉన్నట్టు చెప్పు.

చిన్నప్పుడు ఎట్లుండేదాన్నని అడిగినవు. నాలుగో తరగతిల టవల్ నెత్తికి కట్టుకొని, జడ అని ముందటికి ఏసుకునేదానివి. ఒకసారి నా గాజులు తొడుక్కొని అద్దం ముందట నిలబడ్డవు. గంటెతోని కొట్టిన. కోపమొచ్చి కొట్టిందని డాక్టరమ్మకు చెప్తవేమో. కోపం కాదు, భయం. ఎందుకు భయమో ఇన్నేండ్లు నీకు చెప్పలె.

ఆఖరి ప్రశ్న, ఇంట్ల ఎవరన్న తమ ప్రాణం తాము తీసుకున్నరా అని. ‘ఎవరూ లేరు’ అని నువ్వే రాసి, ఒకసారి చూడుమన్నవు. అది తప్పు. కొట్టేసి మీ మేనమామ యాకయ్య పేరు రాయి.

పాము కరిచి పోయిండని నీకు చెప్పిన. మా అమ్మ ఒట్టేయించుకున్నది. ఆమె పోయి మూడేండ్లాయె, అయినా నోరు తెరువలె.

నర్సంపేట పక్కన మా ఊర్ల, అప్పుడు నాకు పదిహేడు, తమ్మునికి పదిహేను. పత్తి నింపిన అర్రల నా లంగా ఓణీ కట్టుకొని కూసున్నడు. నన్ను చూసి బెదరలె, నవ్విండు. “అక్కా, మంచిగున్ననా?” అన్నడు. నేను ఉరికిపోయి మా నాయనకు చెప్పిన. నాయన వాకిట్లకు గుంజుకొచ్చి, వాడకట్టంత చూస్తుంటె కొట్టి, గుండు గీయించిండు. పొద్దుగూకే యాళ్లకు తమ్ముడు నా దగ్గరికొచ్చిండు.

“నీకొక్కదానికే చూపిచ్చిన. ఎందుకు చెప్పినవక్కా?”

నేను మొఖం తిప్పుకున్న. మూడోనాడు వాడు లేడు.

నీ చేతికి గాజులు చూసినప్పుడు నాకు వాడే కనిపిచ్చిండు. కొడితె పోతదనుకున్న. మా నాయన అనుకున్నదే నేనూ అనుకున్న. పోయిన నెల నువ్వు “అమ్మా, నేను ఆడపిల్లనే” అన్నప్పుడు గూడ ఫోన్ పెట్టేసిన. మళ్ళ మొఖం తిప్పుకున్నట్టే కదా. ఆ తర్వాత మూడు రోజులు నువ్వు ఫోన్ ఎత్తలె. నాలుగోనాడు నీ గొంతు వినేదాక నేను బువ్వ ముట్టలె.

వచ్చేవారం, నీ అపాయింట్‌మెంట్ నాడు పొద్దుగాల కాజీపేటల బండెక్కుతున్న. బాపుకు చెప్పిన. “పోతె అటే పో, మళ్ళ రాకు” అన్నడు. నాలుగు చీరలు సంచిల పెట్టుకున్న.

ఇది చదివినంక నా మొఖం చూడబుద్ధి కాకపోతె స్టేషన్‌కు రాకు, నేనేమనుకోను. దవాఖాన ఎక్కడో అడుక్కుంట వస్త. బయట కూసుంట. నువ్వు పిలిస్తెనే లోపటికి వస్త.

ఇట్లు,
నీ అమ్మ,
యాకయ్యకు అక్క,
మొగిలమ్మ