పందిరి కింద రాలినవి

నాంపల్లి,
ఫాల్గుణం, 1938

ద్రాక్షతీగ దొరగారికి,

మీ ఇల్లాలు నమస్కరించి రాస్తున్నది. బదిలీ మీద వెళ్లాక ఔరంగాబాదు నుంచి మీరు రాసిన మొదటి ఉత్తరం అందింది. తీగ ఎలా ఉంది, నీళ్లు పోస్తున్నావా, కట్లు బిగించావా అని కాగితం నిండా రాశారు. నేనెలా ఉన్నానో అడగడానికి చోటు చాలలేదు కాబోలు. ఉడుకుమోత్తనం అనుకుంటే అనుకోండి.

సరే, వినండి. మీరు దౌలతాబాదు నుంచి తెచ్చి నాటిన కొమ్మ ఇన్నేళ్లకు పూత పట్టింది. సంతోషించేలోగా ఇంటి యజమాని వామన్‌రావుగారు వచ్చారు. మోటారు షెడ్డుకు ఆ జాగా కావాలట. "ఏందమ్మా, పందిరేసి ఎన్నేండ్లాయె, ఒక్క పండు తిన్నమా? గీసారి కాయ నిలిస్తే ఉంచుత. లేకుంటే కొట్టేపిస్త" అన్నారు. సరేనన్నాను. పొద్దున్నుంచి లక్డీకాపూల్ వైపు మబ్బు కమ్ముతోంది. నాకు భయంగా ఉంది.

మీ
విద్యావతి

ఏమండీ,

నిన్న సాయంత్రం గాలివాన కొట్టింది. పందిరి మీద కప్పిన పాత చీరలు అబిడ్స్ దాకా ఎగిరిపోయాయేమో, ఒక్కటీ దొరకలేదు. తెల్లారి చూస్తే నేలంతా పచ్చగా పూత రాలి ఉంది. ఏడుస్తూనే ఊడ్చి ఎత్తాను.

తరువాత కోపం వచ్చింది. తీగ మీద కాదు, మీ మీద. బదిలీ వద్దని ఒక్క అర్జీ కూడా పెట్టలేదు మీరు. పెట్టెలో బట్టలు సర్దుతూ కూడా నాకు తీగ గురించే అప్పగింతలు పెట్టారు. కాపలా కాయడం ఇక నావల్ల కాదు. వామన్‌రావుగారింటికి నేనే వెళ్లి కొట్టించేయమన్నాను. రేపే గొడ్డలి వస్తుంది. మీరు ఆపడానికి వీల్లేకుండా ఈ ఉత్తరం ఆ తరువాతే పోస్టు చేస్తాను.

విద్యావతి

ఏమండీ,

నిన్నటి ఉత్తరాన్నీ దీంతోనే పంపుతున్నాను. చదివి నొచ్చుకోండి, తప్పులేదు.

వామన్‌రావుగారు పంపిన కూలీ గట్టయ్య గొడ్డలితో వచ్చాడు. మీరు తీగను పందిరికి కట్టిన పేలికలు నా పెళ్లినాటి చీర అంచులు కదా, అవి తెగిపోవడం ఇష్టం లేక స్టూలెక్కి విప్పుతున్నాను. అతను అవతలి పక్క పెద్ద కొమ్మ నరికేశాడు. పందిరి కదిలి ఒక గుత్తి నా ముఖానికి తగిలింది. చూద్దును కదా, గుత్తి నిండా ఆవగింజంత పిందెలు!

నేను ఊడ్చి పారేసింది పూత కాదండీ. ఈ పువ్వుకు రేకులు విచ్చుకోవు. పైనున్న తొడుగు టోపీలా ఊడి కింద పడుతుంది, పిందె కొమ్మకే ఉంటుంది. ఆ టోపీలకు నేను అంత ఏడుపు ఏడ్చాను.

"ఆగు గట్టయ్యా!" అన్న నా కేకకు వామన్‌రావుగారు పరుగెత్తుకొచ్చారు.

"గివేంది, ఆవాలా?"

"పిందెలు. కాయ నిలిస్తే ఉంచుతానన్నారు మీరు."

"నువ్వే కొట్టుమంటివి గదమ్మా!"

"అన్నాను. ఇప్పుడు వద్దంటున్నాను."

తీగ మొదలు పట్టుకుని నిలబడ్డాను. ఆయన నన్నూ గొడ్డలినీ మార్చి మార్చి చూసి, "సరే తియ్, మోటారు ఎండల్నే ఉంటది" అంటూ వెళ్లిపోయారు.

సగం పందిరి పోయింది. అది నా కోపం చేసిన పని. అయినా ఆ కోపం ఇంకా తగ్గలేదు. పండ్లు తీపెక్కాక రుచి చూడటానికి వచ్చేవారు నాకు అక్కర్లేదు. పుల్లగా ఉన్నప్పుడే రండి.

మీ
విద్యావతి