మా షెడ్డులోని రాతికన్ను

2002 ఆగస్టు 4, ఆదివారం – ఊళ్ళో

వెలిగింది, నా దీపం! పొద్దు గూకగానే, ఎవరూ ముట్టుకోకుండా, తనంతట తానే. అమ్మ కడిగిన తట్టలతో పట్టుపురుగుల షెడ్డు గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఏమ్మే, దీనికి కన్నుండాదా?"
ఉంది. హిందూపురంలో కొన్న, వెలుతురును పసిగట్టే మినపగింజంత కన్ను, దీపం పక్కనే. చీకటి పడితే అదే దీపం వేస్తుంది. పైన సోలార్ పలక, కింద పాత స్కూటర్ బ్యాటరీ. దీపం వెలుగు దాని కంటి మీదే పడకుండా అట్టముక్క అడ్డం పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.
నాయన మాత్రం – "పురుగులకేమన్నా అయితే దీన్ని దిబ్బలో ఇసిరేస్తా."
అమ్మ – "నా బిడ్డ చేసింది. ఈడే ఉంటాది."
నాయన ముందు అమ్మ అలా మాట్లాడటం ఎప్పుడూ వినలేదు.

ఆగస్టు 5, సోమవారం – ధర్మవరం

నేను పనిచేసే కంప్యూటర్ సెంటర్. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య మళ్ళీ ఆ గేమే. గుహ, మూసిన తలుపు, దాని మీద రాతికన్ను. అద్దాలు తిప్పి తిప్పి వెలుగు సరిగ్గా కంటి మీదే వేస్తున్నా. తలుపు కదలదు. మూడు వారాలు! కూర్చోలేను, లేవలేను.

ఆగస్టు 7

ఈ రోజూ అంతే. కలలో కూడా అద్దాలే.

ఆగస్టు 9, శుక్రవారం

నాయన ఫోన్. "సగం గుడ్లు ముందే పగిలినాయి."
మంగళవారం గుడ్లు వచ్చాయట. కిటికీలకు నల్లగుడ్డ కట్టి, తలుపు మూసి, షెడ్డంతా చీకటి చేసిందట అమ్మ. ఎప్పుడూ చేసేదే. ఈ పొద్దున తలుపు తీసి వెలుగు చూపిస్తే అన్నీ ఒకేసారి పగలాలి. తీసేసరికి సగం ముందే పిల్లలై ఆకు లేక అల్లాడుతున్నాయట. ఇక ఇవి మేస్తుంటే అవి నిద్రలో, అవి లేస్తే ఇవి నిద్రలో… పంట చేతికొచ్చినట్టే!
పక్కింటి లక్ష్మక్క మల్లెపూలు పెట్టుకుని తలుపు దగ్గరికి వచ్చిందట. పురుగులకు ఘాటు వాసన పడదు. "నీ పూల వాసనకే ఇట్లాయె" అనేసిందట అమ్మ. ఇరవై ఏళ్ళుగా కలిసి మల్బరీ ఆకు కోసినవాళ్ళు.

ఆగస్టు 10, శనివారం

కోపమొచ్చి గేమ్‌లో పెట్టెను వెలుగుకి అడ్డంగా తోసేశాను. కంటి మీద నీడ పడింది. తలుపు తెరుచుకుంది.
చీకటి పడితేనే తెరుచుకునే కన్ను!
ఎగిరి గంతేశాను. మరుక్షణం తట్టింది. నా కన్నూ అంతే కదా…
షెడ్డు చీకటి చేశారు. నా దీపం వెలిగింది. పగలూ రాత్రీ, మూసిన తలుపు వెనక, గుడ్ల మీద. పోయిన ఆదివారం అమ్మ చెప్పనే చెప్పింది – "మంగళవారం గుడ్లొస్తాండాయి, గది చీకటి చెయ్యల్ల." ఊఁ అన్నాను. మనసు గుహలో ఉంది.

ఆగస్టు 11, ఆదివారం

ఇంటికి వెళ్ళాను. ఒకే తట్టలో రెండు సైజుల పురుగులు. లక్ష్మక్క నన్ను చూసి చెంబు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నాయన పక్కనే ఉన్నాడు.
చెప్పలేదు. పిరికిదాన్ని.

ఆగస్టు 14

అన్నం సహించడం లేదు. ఆ గేమ్ తీసేశాను.

ఆగస్టు 18, ఆదివారం

పెనుకొండలో రైలు దిగినప్పటి నుంచి ఒకటే మాట నెమరేసుకుంటూ వచ్చాను. నేనే, అమ్మా, నేనే.
షెడ్డులో దీపం ఉంది. కన్ను లేదు. వైరు పట్టుకుని బయటికి వచ్చి చూస్తే చూరు కింద, పాత చీర పేలికతో కట్టి, ఆకాశం వైపు.
"ఎవరు మార్చింది?"
"నేనే. లోపల పెడితే దానికి ఎప్పుడూ రాత్రే కదమ్మే."
"ఎప్పుడు తెలిసింది నీకు?"
"తలుపు తీసిన పొద్దే. వెలుగుతానే ఉండె."
"మరి లక్ష్మక్కను ఎందుకన్నావు?"
"మీ నాయన నా ఎనకాలే వస్తాండె. చూసేలోపల దాన్ని ఆర్పేసినా. ఎట్లయ్యిందే అని అడిగితే… నోటికొచ్చిన పేరు చెప్పేసినా."
"పోయి చెప్పొచ్చు కదా."
"ఏం మొగం పెట్టుకోని పోదునే?"
సిగ్గేసింది. నా మీద, అమ్మ మీద, ఆ దీపం మీద కూడా. రా, ఇద్దరం పోదాం అన్నాను. చెప్పులేసుకుంది. గడప దాకా వచ్చి ఆగిపోయింది.
ఒక్కదాన్నే వెళ్ళాను. లక్ష్మక్క తలుపు తీయలేదు. మూసిన తలుపుకే అంతా చెప్పాను – దీపం, కన్ను, నల్లగుడ్డ, మల్లెపూల తప్పేమీ లేదని. లోపల గాజుల చప్పుడు.
తర్వాత అడిగింది.
"మీయమ్మ యాడ?"
వెనక్కి చూశాను. చీకటి పడుతోంది. మా షెడ్డులో దీపం వెలిగింది. అమ్మ ఇంకా గడపలోనే ఉంది.