కారు పుస్తకం బేతమంగళలో ఉంది

రాగి ముద్ద, పప్పు సారు పొయ్యి పక్కన మూత పెట్టి ఉంచాను, తినండి. వరండాలో మీరు విప్పి పళ్లెంలో పెట్టిన కార్బురేటర్‌ను బిగించడానికి తొందరపడకండి. మామగారి పాత కారు రిపేరు పుస్తకం దొరికింది. అది తేవడానికే బేతమంగళ బస్సు ఎక్కుతున్నాను.

దాన్ని పోగొట్టింది మీ స్నేహితుడు శ్రీకంఠగారు కాదు, నేను. బేతమంగళ నుంచి వచ్చి పాలు పోసే మునివెంకటమ్మ పట్టుపురుగుల తట్టల్లో పరచడానికి పాత పేపర్లు అడిగితే, మీ బల్ల మీది కట్ట చూడకుండా ఎత్తి ఇచ్చేశాను. ఈ పొద్దున ఆమెను అడిగితే నవ్వింది.

“ఆ పుస్తకం పరచలేదమ్మా. పెట్రోలు వాసనకి పురుగులు ఆకు ముట్టవు. మా అటక మీద ఉండాది, వచ్చి తీసకపోమ్మా.”

మొన్న వీధిలో మీరు “నా పుస్తకం యాడ అమ్ముకున్నావురా?” అంటే, శ్రీకంఠగారు “చదివి నీ బల్ల మీదే పెట్టినానప్పా, ఇంట్లో అడుగు” అన్నారు. నాకు అప్పుడే ఆ కట్ట గుర్తొచ్చింది. అయినా మీరు లోపలికి వచ్చి అడిగితే చూడలేదన్నాను. మీరు బయటికెళ్లి ఆ మాటే చెప్పాక, అందరి ముందూ ఆయన తల వంచుకుని వెళ్లిపోతుంటే కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను.

మీరు ఒక్కరే వాళ్లింటికి వెళ్లకండి. నేను రాగానే ఇద్దరం వెళ్దాం. జరిగింది నేనే చెబుతాను.

నాగరత్న

నిన్న అన్నం వడ్డిస్తూ మీకు చెప్పేద్దామనుకున్నాను. అంతలో మీరే “వాడు మోసం చేస్తే చేసినాడులే, నువ్వొకతివే నాతో నిజం చెప్తావు” అన్నారు. మజ్జిగ పోసి వంటింట్లోకి వెళ్లిపోయాను.